మొదటిసారి కార్పొరేటర్‌గా నిలబడేవాళ్ళకి నేను చెప్పే ప్రింటింగ్ ప్రెస్

పార్టీ టికెట్టు లేకుండా మొదటిసారి కార్పొరేటర్‌గా నిలబడిన మనిషి పోటీలో ఉన్నారన్న సంగతి జనానికి తెలిసేది కరపత్రం వల్లనే. టీవీలో కనిపించరు, హోర్డింగులకి డబ్బుండదు. 2020 డిసెంబరులో జరిగిన జీహెచ్‌ఎంసీ (గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్) ఎన్నికల్లో మా వదిన ఉప్పల్ వైపు ఒక డివిజన్ నుంచి స్వతంత్ర అభ్యర్థిగా నిలబడింది. నేను ఒక ప్రైవేటు స్కూల్లో అకౌంట్స్ చూస్తాను. అందుకని ఖర్చుల పుస్తకం, బిల్లులు, ప్రింటింగ్ పని అన్నీ నాకే అప్పజెప్పారు. మాకు ఆ పని చేసిపెట్టిన చిక్కడపల్లి ప్రెస్ గురించి వివరంగా రాస్తున్నాను. ఎన్నికల మాట వచ్చినప్పుడల్లా తెలిసినవాళ్ళు ఎవరో ఒకరు "అప్పుడు మీరు ఎక్కడ వేయించారు?" అని అడుగుతూనే ఉన్నారు.

ప్రెస్ పేరు మాత్రం రాయడం లేదు. ఓనర్ గారే వద్దన్నారు. ఆయన దగ్గరికి అన్ని పార్టీలవాళ్ళూ వస్తారు. ఫలానా అభ్యర్థి మనిషి అని పేరు పడటం ఆయనకి ఇష్టం లేదు. సిటీ సెంట్రల్ లైబ్రరీ నుంచి నడిచి వెళ్ళగలిగే దూరంలో, లోపలి గల్లీలో, పాత బిల్డింగు సెల్లార్‌లో ఉంటుంది. పేరు తెలియకపోయినా పర్వాలేదు. మీ ఏరియాలో ఏ ప్రెస్‌కి వెళ్ళినా ఏమేం చూసుకోవాలో ఇది చదివితే తెలుస్తుంది.

ముందు తేదీల సంగతి చెప్పాలి, లేకపోతే ఆ ప్రెస్ చేసిన మేలు అర్థం కాదు. ఆ ఎన్నికలకి నోటిఫికేషన్ నవంబరు 17న వచ్చింది. 18 నుంచి 20 వరకు నామినేషన్లు, 21న పరిశీలన, 22 మధ్యాహ్నం 3 గంటల దాకా ఉపసంహరణ. కారు, కమలం, గాలిపటం, చెయ్యి ఏళ్ళ తరబడి జనానికి తెలిసిన గుర్తులు. వాళ్ళ ప్రచార సామాను నోటిఫికేషన్ నాటికే రెడీ. ఇండిపెండెంటుకి గుర్తు కేటాయించేది మాత్రం ఉపసంహరణ గడువు ముగిశాకే. ప్రచారం 29 సాయంత్రం 6 గంటలకి ఆపేయాలి. అంటే గుర్తు చేతికొచ్చాక మిగిలేది ఒక్క వారం. ఆ వారంలోనే గుర్తు డిజైన్‌లో పెట్టాలి, ప్రింట్ చేయించాలి, తెచ్చుకోవాలి, ఇంటింటికీ తిరిగి పంచాలి, వాళ్ళకి గుర్తుండేలా చెప్పాలి. పైగా 22వ తేదీ ఆదివారం. ఆ రోజు ఊళ్ళో సగం ప్రెస్సులకి సెలవు. తెరిచిన వాటిలో పార్టీల ఆర్డర్లతో మెషిన్లు ఖాళీ లేవు.

నామినేషన్ వేసిన మర్నాడు మా ఇంటికి దగ్గరగా ఉన్న ఒక ప్రెస్‌కి వెళ్ళాం. పాతికవేల కాపీలకి తక్కువైతే ఈ వారం మెషిన్ ఎక్కించం అన్నారు. బిల్లు ఇవ్వరట, డబ్బంతా క్యాష్‌గా ముందే ఇవ్వాలట. కరపత్రం అడుగున ప్రెస్ పేరు కూడా వేయం అన్నారు. నేను అక్కడే ఆగిపోయింది ఆ చివరి మాట దగ్గర. ఎన్నికల కరపత్రం మీద ప్రింటర్ పేరు, చిరునామా, ప్రచురించినవాళ్ళ పేరు, చిరునామా, ఎన్ని కాపీలు వేశారో ఉండాలి. అవి లేని కాగితం పంచుతూ దొరికితే అభ్యర్థికే చిక్కు. డబ్బూ మనుషులూ ఉన్న పార్టీ అభ్యర్థి ఎలాగో బయటపడతారు. కొత్త మనిషికి ఆ ఒక్క కేసు చాలు, మిగిలిన వారమంతా స్టేషన్ చుట్టూ, ఆఫీసుల చుట్టూ తిరగడానికి.

మా స్కూల్ ప్రశ్నపత్రాలు, ప్రోగ్రెస్ కార్డులు వేసే ఆయన చెప్తే చిక్కడపల్లి వెళ్ళాం. ఓనర్ గారికి అరవై దాటి ఉంటాయి. వదినని కూర్చోబెట్టి మొదట అడిగిన మాట, "అమ్మా, పంచడానికి మీకు మనుషులెంతమంది ఉన్నారు?" ఎన్ని కాపీలు కావాలని అడగలేదు. మాకున్నది వదిన, మా అన్నయ్య, నేను, ఆమె దగ్గర ట్యూషన్ చదువుకుని ఇప్పుడు డిగ్రీ చదువుతున్న పిల్లలు కొందరు. మేం ఇరవై వేలు వేయిద్దామనుకుని వెళ్ళాం. ఆయన కాగితం తీసి లెక్క వేశారు. నగరం మొత్తం మీద 74 లక్షల పైచిలుకు ఓటర్లు, 150 డివిజన్లు. సగటున డివిజన్‌కి యాభై వేల దగ్గర. ఇంటికి నాలుగు ఓట్లనుకున్నా పన్నెండు వేల గడపలు. "మీ పిల్లలు రోజంతా తిరిగినా ఒక్కొక్కరు రెండు వందల ఇళ్ళు దాటరు. తలుపు కొట్టి మాట్లాడాలంటే అంతకూడా కుదరదు. ముందు ఐదు వేలు తీసుకెళ్ళండి. అయిపోతే ఫోన్ చేయండి, అచ్చు ప్లేట్లు దాచి ఉంచుతాను, మళ్ళీ వేయడానికి ప్లేట్ల ఖర్చు పడదు" అన్నారు. తన ఆర్డర్ తనే తగ్గించుకున్న వ్యాపారిని ఎన్నికల సీజన్‌లో నేను ఇంకెక్కడా చూడలేదు. చివరికి రెండోసారి కూడా వేయించాం. అప్పుడు కాగితానికి, ప్రింటింగ్‌కి మాత్రమే తీసుకున్నారు.

రేట్ల సంగతి. సింగిల్ కలర్, 70 జీఎస్ఎం (కాగితం మందం లెక్క) మ్యాప్‌లితో, అంటే మెరుపు లేని మామూలు తెల్ల కాగితం, డెమీ 1/8 అనే చిన్న సైజు అయితే చాలా చవక. మల్టీ కలర్‌లో, నున్నగా మెరిసే ఆర్ట్ పేపర్ దానికి రెట్టింపు కంటే ఎక్కువ పడింది. మా అన్నయ్య మల్టీ కలర్ కావాలని పట్టుబట్టాడు. ఓనర్ గారు రెండూ చూపించి, వదిన ఫోటో ఉన్న పక్క మాత్రం కలర్‌లో వేసి, మ్యాటర్ ఉన్న రెండో పక్క నలుపులో వేస్తే ఖర్చు మధ్యస్తంగా ఉంటుందన్నారు. అలాగే చేశాం. ఆ ఎన్నికల్లో జీహెచ్‌ఎంసీ అభ్యర్థికి ఖర్చు పరిమితి 5 లక్షలు ఉండేది. మేం దాని దరిదాపుల్లోకి కూడా పోలేదనుకోండి. కానీ ఉన్న కొద్ది డబ్బులో ప్రింటింగే పెద్ద పద్దు. ఊళ్ళో ఇంతకంటే తక్కువకి వేసేవాళ్ళున్నారు. ఈ ప్రెస్‌ని చవక అని నేను చెప్పను.

డీటీపీ, అంటే కంప్యూటర్‌లో టైప్ చేసి పేజీ అమర్చే పని, చేసే అమ్మాయి గురించి చెప్పి తీరాలి. మేం మ్యాటర్ వాట్సాప్‌లో పంపాం. అది ఫోన్లలో వాడే యూనికోడ్ అక్షరాల్లో ఉంటుంది, ప్రెస్సుల్లో ఎక్కువగా వాడేది దానితో నేరుగా కలవని అను ఫాంట్లు. సాఫ్ట్‌వేర్‌తో మార్చేస్తే క్షణంలో పని అయిపోతుంది కానీ ఒత్తులు, సంయుక్తాక్షరాలు అక్కడక్కడా చెదిరిపోతాయి. ఊరంతా అంటించిన ఫ్లెక్సీల మీద ఒత్తులు ఎగిరిపోయిన పేర్లు మీరూ చూసే ఉంటారు. ఈ అమ్మాయి మార్చాక మొత్తం అక్షరం అక్షరం చూసి, తేడా ఉన్నవన్నీ మళ్ళీ టైప్ చేసింది. ప్రూఫ్ (తప్పులు సరిచూసుకోవడానికి ముందుగా తీసే కాగితం) తీసి ఇచ్చి, "ఫోన్ నంబర్ మీ ఫోన్‌లోంచి చూసి చదవకండి, ఈ కాగితం చూసి డయల్ చేయండి" అంది. మా అన్నయ్య డయల్ చేస్తే ఎవరో వేరే ఆయన ఎత్తారు. రెండంకెలు తారుమారయ్యాయి. మేం పంపిన మ్యాటర్‌లోనే అలా ఉంది. ఆ అమ్మాయి చెప్పకపోతే ఐదు వేల ఇళ్ళకి తప్పు నంబరు వెళ్ళేది.

ఫోటో విషయంలో కూడా ఆ అమ్మాయిదే ఆలోచన. కరోనా రోజులు. వదిన ఇంటింటికీ మాస్కుతోనే వెళ్ళాలి. కరపత్రంలో మాస్కు లేని ముఖం, గడప ముందు మాస్కు ఉన్న ముఖం. పార్టీ పెద్దల ముఖాలైతే ఎలా ఉన్నా జనం గుర్తుపడతారు, కొత్త మనిషిని ఎలా గుర్తుపడతారు? పెద్ద ఫోటో కింద మాస్కు పెట్టుకున్న చిన్న ఫోటో ఒకటి చేర్చింది. తర్వాత గడప గడపకీ తిరుగుతున్నప్పుడు పెద్దవాళ్ళు కాగితం చూసి, వదినని చూసి, "ఓ నువ్వేనామ్మా" అనడం నేను చాలాసార్లు విన్నాను.

మ్యాటర్ గురించి ఓనర్ గారు ఒక్క మాట కూడా సలహా ఇవ్వలేదు. "రాసేది మీరు, వేసేది నేను" అంటారు. వదిన రాసింది చాలా పొడుగు. అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకి మా వైపు కాలనీల్లో నీళ్ళు నిలిచిపోయాయి. ఆమె ఎన్నికల్లోకి వచ్చిందే దానివల్ల. నాలా పూడిక, వరద సాయం పదివేలు అందనివాళ్ళ సంగతి, నవంబరు 18న ఎన్నికల సంఘం ఆ పంపిణీ ఆపించడం, అన్నీ రాసింది. ఆయన కత్తిరించమనలేదు, దాన్ని ఉన్నదున్నట్టు అసలు సైజులో ప్రింట్ తీసి చేతికిచ్చి, "ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఉంటే కళ్ళజోడు లేకుండా చదవమనండి" అన్నారు. మా అమ్మ మొదటి నాలుగు లైన్లు చదివి పక్కన పెట్టేసింది. ఆ రాత్రి వదినే కూర్చుని మూడు విషయాలకి కుదించింది: నాలా పూడిక వానాకాలానికి ముందే తీయించడం, పగిలిన మ్యాన్‌హోల్ మూతలు, కాలనీ మీటింగు ప్రతి నెలా పెట్టడం. మూడూ కార్పొరేటర్ చేతిలో ఉన్న, చేయించగలిగిన పనులు. అక్షరం సైజు పెరిగింది.

ఇక గుర్తు. మా వదినకి గ్యాస్ పొయ్యి వచ్చింది. 22 సాయంత్రం ఆఫీసు నుంచి బయటికి రాగానే అన్నయ్య ఇంటర్నెట్‌లో వెతికి మెరిసిపోతున్న నాలుగు బర్నర్ల గాజు పొయ్యి బొమ్మ పంపాడు. ఆదివారమైనా మా కోసం ప్రెస్ తెరిచి కూర్చున్న ఓనర్ గారు ఆ బొమ్మ వేయనన్నారు. బ్యాలెట్ పేపర్ మీద ఎన్నికల సంఘం గీతల బొమ్మ ఉంటుంది. ఓటరు కళ్ళకి అలవాటు చేయాల్సింది దాన్నే. ఎక్కడ ఒంపు ఉంటే అక్కడే ఒంపు, ఎన్ని బర్నర్లుంటే అన్నే. అప్పటికి పది పన్నెండు రోజుల క్రితమే దుబ్బాక ఉపఎన్నిక ఫలితం వచ్చింది. బీజేపీ వెయ్యి పైచిలుకు ఓట్ల తేడాతో గెలిచింది. టీఆర్ఎస్ కారును పోలినట్టుండే గుర్తున్న ఇండిపెండెంటుకి మూడు వేలకు పైగా ఓట్లు పడ్డాయి. ఆ ఓట్లు మావేనని టీఆర్ఎస్ వాళ్ళు బాధపడ్డారు. ఆయన అదే చెప్పారు: "అంత పెద్ద పార్టీ గుర్తుకే అలా జరిగిందమ్మా. మీ గుర్తు జనం చూసేది వారం రోజులే. వాళ్ళు కాగితం మీద చూసిన బొమ్మా, బూత్‌లో చూసే బొమ్మా ఒక్కటే అయి ఉండాలి."

ఇంకొకటి కూడా ఆయన అనుభవమే. 2016లో జీహెచ్‌ఎంసీకి ఈవీఎంలు వాడారు, 2020లో బ్యాలెట్ పేపర్ పెట్టారు. కుర్ర ఓటర్లలో చాలామంది అప్పటిదాకా బ్యాలెట్ మీద ముద్ర వేసి ఎరగరు. అందుకని కరపత్రం వెనక పక్క నమూనా బ్యాలెట్ ముక్క వేశాం. దానిమీద వదిన వరస నంబరు, పేరు, గుర్తు, పక్కన స్వస్తిక్ ముద్ర. మిగతా గడులు ఖాళీ. ఇతర అభ్యర్థుల పేర్లు, గుర్తులు నమూనాలో వేయకూడదని చెప్పి ఆయనే ఖాళీగా ఉంచారు. ముద్ర సిరా రెండో గడికి అంటకుండా ఎలా మడవాలో బాణం గుర్తుతో చూపించారు. మాకు ఈ సంగతులేవీ తట్టలేదు.

డిసెంబరు 1న పోలింగ్ రోజు ఓల్డ్ మలక్‌పేట డివిజన్‌లో ఏం జరిగిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. సీపీఐ అభ్యర్థికి కంకి కొడవలి ఉండాల్సిన చోట సీపీఎం సుత్తి కొడవలి నక్షత్రం అచ్చయింది. అక్కడ పోలింగ్ ఆపేసి 3వ తేదీన మళ్ళీ పెట్టాల్సి వచ్చింది. ఆ వార్త వినగానే నాకు ప్రెస్‌లో ప్రూఫ్ మీద వేలు పెట్టి ఒక్కో గడి చూపిస్తూ మా చేత సంతకం పెట్టించిన ఓనర్ గారు గుర్తొచ్చారు. అన్ని తనిఖీలు దాటి వచ్చిన అసలు బ్యాలెట్‌లోనే అలాంటి పొరపాటు జరిగితే, హడావిడిలో వేసే మన కాగితాల సంగతేమిటి? ప్రూఫ్ మీద సంతకం అడగని ప్రెస్‌లో దయచేసి ఎన్నికల పని ఇవ్వకండి.

కాగితాల పనిలో కూడా ఆయన పక్కా. ప్రచురించేవాళ్ళ డిక్లరేషన్ ఫారం ఆయన దగ్గరే ఉంది. ఇద్దరు సాక్షుల సంతకాలు తెమ్మన్నారు, తెచ్చేదాకా మెషిన్ ఆన్ చేయలేదు. అన్నయ్య కాస్త విసుక్కున్నాడు కూడా. వేశాక అధికారులకి పంపాల్సిన కాపీలు ముందే పక్కన తీసి పెట్టారు. బిల్లులో సైజు, కాగితం, కాపీల సంఖ్య, తేదీ అన్నీ ఉన్నాయి. ఆ సంఖ్యే కరపత్రం అడుగున ఉంది. ఫలితాలు వచ్చాక 45 రోజుల్లో ఖర్చుల లెక్క ఇవ్వాలి, ఇవ్వకపోతే తర్వాత పోటీ చేయడానికి అనర్హులవుతారు. ఓడిపోయినవాళ్ళు చాలామంది ఆ ఊసే మర్చిపోతారు. నేను లెక్కలు తీసుకెళ్ళినప్పుడు ప్రింటింగ్ పద్దు దగ్గర ఒక్క ప్రశ్న కూడా రాలేదు. అకౌంట్స్ చూసే మనిషిగా నాకు అంతకంటే సంతోషం ఏముంటుంది.

కట్టల సంగతి చిన్నదే కానీ బాగా ఉపయోగపడింది. వంద వంద లెక్కపెట్టి కాగితపు పట్టీ చుట్టి ఇచ్చారు. ఏ పిల్లాడు ఏ కాలనీకి ఎన్ని కట్టలు తీసుకెళ్ళాడో, ఎన్ని మిగిల్చాడో సాయంత్రం పుస్తకంలో రాసుకునేదాన్ని. దానితోనే రెండో విడత ఎన్ని వేయించాలో తేలింది.

ఇబ్బందులు లేవని కాదు. సెల్లార్‌లోకి మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు దిగలేరు. గల్లీలో బండి పెట్టుకోవడానికి చోటు లేదు. డెలివరీ ఇవ్వరు, మనమే ఆటో మాట్లాడుకోవాలి. మెషిన్ నడుస్తుంటే ఫోన్ ఎత్తరు, ఆ వారంలో నాకు దానివల్ల చాలా టెన్షన్ అయింది. ప్రూఫ్ వాట్సాప్‌లో పంపమంటే పంపరు, మనిషి రావాల్సిందే. ఉప్పల్ నుంచి ప్రతిసారీ వెళ్ళడం కష్టమే, అయినా ఆ పట్టుదలకి కారణం నాకు అర్థమైంది. మ్యాప్‌లితో మీద ఫోటో కొంచెం మసకగా వచ్చింది, ఫోటో బాగా కనపడాలంటే ఆర్ట్ పేపర్ తప్పదు. ఒక కట్టలో సిరా అంటుకున్న కాగితాలు వచ్చాయి, చూపించగానే మారు మాట్లాడకుండా వేరేవి ఇచ్చారు. ఫ్లెక్సీలు, జెండాలు, కండువాలు ఇక్కడ దొరకవు.

మా వదిన గెలవలేదు. మొత్తం 1,122 మంది పోటీ చేసిన ఎన్నిక అది. పోలింగ్ 46 శాతం దాటింది అంతే. పోలైన చెల్లే ఓట్లలో ఆరో వంతు రాకపోతే డిపాజిట్ పోతుంది, మాదీ పోయింది. అయితే బూత్‌ల వారీగా చూసుకుంటే మేం కరపత్రం చేతికిచ్చి మాట్లాడిన కాలనీల్లోనే ఓట్లు పడ్డాయి, వెళ్ళలేని చోట దాదాపు ఏమీ లేవు. ఓనర్ గారు మొదటి రోజు వేసిన లెక్క ఎంత సరైనదో అప్పుడు తెలిసింది. తక్కువ ఇళ్ళు ఎంచుకుని ప్రతి గడపకీ రెండుసార్లు వెళ్ళి ఉంటే ఇంకొన్ని ఓట్లు వచ్చేవని వదిన ఇప్పటికీ నమ్ముతుంది. నేనూ నమ్ముతాను. ఆమె మళ్ళీ నిలబడితే నేను మళ్ళీ ఆ మెట్లు దిగుతాను.

వెళ్ళేవాళ్ళు నామినేషన్ వేసిన రోజే వెళ్ళి గుర్తుకి చోటు ఖాళీ వదిలి మిగతా డిజైన్ అంతా చేయించుకోండి. మెషిన్ టైమ్ ముందే మాట్లాడి పెట్టుకోండి. గుర్తు వచ్చిన సాయంత్రం బొమ్మ, వరస నంబరు చేర్చేస్తే మర్నాడు పొద్దున్నే కట్టలు చేతిలో ఉంటాయి, మాకు అలాగే అయింది. ఫోటో ఫోన్‌లో తీసింది కాకుండా స్టూడియోలో తీయించి పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్ళండి. సాక్షులుగా సంతకం పెట్టే ఇద్దరినీ వెంట పెట్టుకెళ్తే ఇంకో తిరుగుడు తప్పుతుంది. మామూలు రోజుల్లో ఆదివారం సెలవు. మధ్యాహ్నం భోజనం టైమ్‌లో ఓనర్ గారు ఉండరు, పదకొండు లోపు వెళ్తే తీరిగ్గా మాట్లాడతారు.